పాత టీషర్టులతో జడ బ్యాండ్లు: కుట్టుమిషన్ లేకపోయినా పర్లేదు, అడ్డంగా కోయడం తెలిస్తే చాలు

ఇంట్లో ఇరవై దాకా పాత టీషర్టులు ఉన్నాయి, కుట్టుమిషన్ లేదు, ఇద్దరు ఆడపిల్లలకి జడ రబ్బర్లు, హెయిర్ బ్యాండ్లు చేయొచ్చా, కొత్త బట్టలేమైనా అవుతాయా అని అడిగారు. అవుతాయండి. నాలుగేళ్ళుగా నేను ఇదే పని మీదున్నాను. మొదటి ఆర్నెల్లు మాత్రం చేసిన ప్రతిదీ చెడింది, కాబట్టి ఆ చెడగొట్టినవాటి దగ్గర్నుంచే చెప్తాను.

మా ఇంట్లో టీషర్టు ప్రయాణం మీకూ తెలిసిందే. మొదట బయటికి, తర్వాత పడుకునేటప్పుడు, తర్వాత హోలీకి, చివరికి బండి తుడిచే గుడ్డ. పాత బట్టలకి స్టీలు గిన్నెలిచ్చే ఆవిడ ప్యాంట్లు, పట్టుచీరలైతే చేత్తో తడిమి మరీ తీసుకునేది. టీషర్టు ఇస్తే "బనియన్ గుడ్డ మాకెందుకమ్మా" అని పక్కకి నెట్టేది. మా అబ్బాయి ఇంజనీరింగ్ కాలేజీ ఫెస్టులవే పదకొండు మిగిలాయి. బళ్ళు ఇంట్లో రెండే ఉన్నాయి, ఎన్ని గుడ్డలని వాడతాం!

మొదటిసారి నేను చేసిన తప్పు ఏంటంటే, మెడ నుంచి కిందికి నిలువుగా పీలికలు కోశాను. అల్లి, పాపకి తలకి పెట్టాను. స్కూలు బస్సు ఎక్కేలోపే జారి మెడలో పడిందట. గుడ్డలో లోపం లేదు, కోసిన దిక్కులోనే ఉంది. బనియన్ గుడ్డ నేసింది కాదు, అల్లింది. దగ్గరగా చూస్తే స్వెట్టర్‌లో లాగా చిన్న చిన్న ఉచ్చులు కనిపిస్తాయి. ఆ ఉచ్చులు అడ్డంగా బాగా సాగుతాయి, నిలువుగా అంత సాగవు. అందుకని చంకల కింద నుంచి అంచు దాకా ఉన్న భాగాన్ని మాత్రమే తీసుకుని, గాజుల్లాగా అడ్డంగా చుట్టలు కోయాలి. అంగుళం వెడల్పు చుట్ట రెండు చేతులతో పట్టుకుని గట్టిగా ఒక్క లాగు లాగండి. అంచులు వాటంతటవే చుట్టుకుని గుండ్రటి తాడులా అయిపోతుంది. దారాలు ఊడవు, అంచు కుట్టక్కర్లేదు. మొదటిసారి అది చూసినప్పుడు నేనూ మా పాపా కూర్చుని టీషర్టు మొత్తం కోసేశాం, ఆ లాగే సరదా కోసమే.

ఒక చిన్న మర్మం. అలా లాగినప్పుడు అంచులు టీషర్టు బయటి వైపుకే చుట్టుకుంటాయి, అంటే టీషర్టు లోపలి వైపు పైకి కనిపిస్తుంది. పువ్వుల ప్రింటు చూసి ముచ్చటపడి కోస్తే చేతికొచ్చేది లోపలి వెలిసిన రంగు. కాబట్టి కోసేముందు తిరగేసి చూడండి.

అన్నీ పనికిరావు కూడా. పక్కల కుట్లు లేనివి దొరికితే వదలకండి, అవి గుండ్రటి మిషన్ మీద గొట్టంలా అల్లిన గుడ్డతో చేసినవి, చుట్టలు ఏకంగా వస్తాయి. కుట్టున్నవైనా పర్లేదు, కాకపోతే ఆ కుట్టు దగ్గర బొడిపెలా ఉంటుంది, దాన్ని ముడి లోపలికి దాచాలి. పరుగు పందేల్లో ఇచ్చే జారుడు టీషర్టులు పాలిస్టర్‌వి. కొన్ని సరిగ్గా చుట్టుకోవు, పైగా నూనె జడ మీద అసలు నిలవవు. అనుమానమొస్తే ఒక దారం లాగి వెలిగించండి. కాటన్ అయితే కాగితం కాలిన వాసన, వేలితో నలిపితే రాలిపోయే బూడిద. పాలిస్టర్ అయితే కరిగి గట్టి పూసలా అవుతుంది. ఛాతీ మీద దళసరి రబ్బరు ప్రింటున్న ముక్క పక్కన పెట్టండి. దాన్ని సాగదీస్తే బీటలు వారుతుంది, ఇస్త్రీ చేస్తే పెట్టెకి అంటుకుంటుంది. మా ఇస్త్రీ పెట్టెకి ఒక రాక్ బ్యాండ్ పేరు సగం ఇప్పటికీ ఉంది.

ఇక జడ రబ్బర్లు. సన్న చుట్టని నాలుగు మడతలు వేసి ముడేస్తే రబ్బరు తయారు. మామూలు రబ్బరు బ్యాండు తీసేటప్పుడు నాలుగు వెంట్రుకలు తీసుకుపోతుంది, ఇది తీసుకుపోదు. ఒక్క టీషర్టుకి పది పదిహేను వస్తాయి. మా పాప క్లాసులో సగం మంది పెట్టుకున్నారు, ముదురు నీలం అనుకోకుండా వాళ్ళ యూనిఫాం రంగే అయింది.

హెయిర్ బ్యాండుకి కొలత కూడా అక్కర్లేదు. మధ్యస్థం సైజు టీషర్టు చుట్టుకొలత దాదాపు 40 అంగుళాలు. ఎనిమిది అంకెలా మెలేసి మడిస్తే 20 అవుతుంది. పెద్దవాళ్ళ తల చుట్టుకొలత సుమారు 22, గుడ్డ సాగుతుంది కాబట్టి సరిపోతుంది. మూడు చుట్టలు కలిపి మెలేసి, వెనక మెడ దగ్గరొచ్చే చోట టీషర్టు చేతి ముక్కతో చుట్టి నాలుగు చేతి కుట్లు వేయండి. వాడుతున్నకొద్దీ వదులైతే ఆ చుట్టు విప్పి ఒక మెలి ఎక్కువేయండి, అంతే.

బజారులో కుచ్చుల కుచ్చులుగా ఉండే స్క్రంచీ కావాలంటే మాత్రం కాస్త కుట్టాలి. 4 అంగుళాల వెడల్పు, 20 అంగుళాల పొడవు ముక్క, లోపల 7 అంగుళాల ఎలాస్టిక్. ముక్కని పొడుగ్గా గొట్టంలా కుట్టి తిరగేసి, పిన్నీసుకి ఎలాస్టిక్ తగిలించి లంగాకి బొందు ఎక్కించినట్టే ఎక్కించండి. ఎలాస్టిక్ చివర్లు కట్టేసి, గొట్టం నోళ్ళు రెండూ కలిపి కుట్టేయండి. నిజానికి స్క్రంచీ పుట్టిందే అలాగట. అమెరికాలో రోమీ రెవ్‌సన్ అనే గాయని తన పైజామా నడుము దగ్గరి కుచ్చులు చూసి తయారుచేసి, 1987లో పేటెంట్ తీసుకుంది. మిషన్ మీద కుట్టించేలా ఉంటే, కుట్టే ఆవిడకి బాల్ పాయింట్ సూది, అంటే మొన గుండ్రంగా ఉండేది, వేయమని చెప్పండి. మామూలు సూదికి ఈ గుడ్డ మీద కుట్లు దాటేస్తాయి.

నాకు అన్నిటికంటే నచ్చింది జడకుచ్చులు. పాప స్కూలు వార్షికోత్సవానికి డాన్సుకి కావాలన్నారు, కొనడానికి టైం లేదు. నల్ల టీషర్టు పీలికలు జానెడు పొడవున ముప్పై కోసి, మూడు కట్టలు చేసి, ఎర్ర పీలికతో మెడలు బిగించి జడ చివర కట్టాను. మొదటిసారి కట్టకి ముప్పై చొప్పున వేశాను, పాప తల వెనక్కి వాలిపోయింది పాపం, అంత బరువు. పదికి తగ్గించాక ఊగడం మొదలుపెట్టాయి. అప్పుడే అనిపించి, అవే నల్ల పీలికల్ని సగం జడలోంచి కలిపి అల్లి చూశాను. మా అమ్మమ్మ మంచం మీంచే చూసి, "ఇది సవరమే కదే, దీనికింత హంగామానా" అంది. అవును, సవరమే.

రంగు విషయం మర్చిపోవద్దు. ఎర్ర టీషర్టుతో చేసిన బ్యాండు చెమటకి రంగు దిగి తెల్ల యూనిఫాం కాలరంతా గులాబీ అయింది. ఉప్పు నీళ్ళలో నానబెట్టమన్నారు, నానబెట్టాను, ఏమీ ఆగలేదు. ఇప్పుడు కోసేముందు తడి తెల్లగుడ్డతో గట్టిగా రుద్ది చూస్తాను. అంటితే అది బండి గుడ్డే.

బట్టల సంగతి అడిగారు కదా. నా మటుకు బాగా కుదిరినవి రెండే. ఒకటి, టీషర్టు చేతులతో పసిపిల్లల టోపీ. చేతి అంచు మడత నుదురు దగ్గరికి వచ్చేలా పెట్టి, పైన పీలికతో బిగిస్తే అయిపోయింది, ఒక్క కుట్టు లేదు. రెండోది, నాన్న టీషర్టుతో చిన్నపిల్ల గౌను. పాత అంచునే గౌను అంచుగా ఉంచేసుకోండి, ఆ మడత చేత్తో వేస్తే అంత శుభ్రంగా రాదు. పెద్దవాళ్ళ బట్టలు కూడా ప్రయత్నించాను. ఒకదాన్ని చీర మీదకి జాకెట్టు చేశాను, కట్టుకున్న గంటకి భుజాలు జారాయి. ఇక ఆ జోలికి పోలేదు.

అమ్మొచ్చా అని మీరు అడగలేదు కానీ ఎవరో ఒకరు అడుగుతారు. మా అపార్ట్‌మెంట్ దసరా స్టాల్లో రబ్బరు పది రూపాయలకి పెట్టాను, అన్నీ పోయాయి, కొన్నవాళ్ళందరూ మా ఫ్లోర్ వాళ్ళే. బేగంబజార్లో డజన్ల లెక్కన దొరికే వాటితో మన కత్తెర పోటీ పడలేదు.

మొదలుపెట్టేటప్పుడు ఆ ఇరవైలో అన్నిటికంటే నచ్చనిదాన్ని ముందు కోయండి. కత్తెర మాత్రం వంటింటిది కాకుండా బట్టల కత్తెరే తీసుకోండి, మొద్దు కత్తెరతో అంచు పళ్ళు పళ్ళుగా వస్తుంది, లాగినప్పుడు అక్కడే తెగుతుంది.