హెడ్ నర్సు ప్రమోషన్‌కి ఏసీఆర్‌లో సెల్ఫ్ అసెస్‌మెంట్ ఎట్లా రాయాలి?

కావలి ఏరియా ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేస్తున్నానని, హెడ్ నర్సు ప్రమోషన్ దగ్గర పడిందని, ఏసీఆర్ (పై అధికారి ఏటా ఉద్యోగి పనితీరు మీద రాసే రహస్య నివేదిక) కోసం ఉద్యోగి తన పని గురించి తానే రాసుకునే సెల్ఫ్ అసెస్‌మెంట్‌లో "అంకితభావంతో సేవలందించాను" తప్ప ఇంకేం రాయాలో తోచడం లేదని అడిగారు.

ముందు ఆ వాక్యం కొట్టేయండమ్మా. పక్క వార్డు వాళ్లూ అదే రాస్తారు. సంతకం పెట్టే అధికారికి అందులో పట్టుకోడానికేమీ దొరకదు. మీరు రాసే ప్రతి మాట వెనకా, అడిగితే తెరిచి చూపించగల రిజిస్టరు ఒకటుండాలి.

లేబర్ రూమ్‌లో చేసుంటే ఇట్లా రాయొచ్చు: "ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా లేబర్ రూమ్ డ్యూటీ. నా షిఫ్టుల్లో 142 కాన్పులు. పార్టోగ్రాఫ్ నింపాను, బిడ్డ పుట్టిన నిమిషంలోపు తల్లికి ఆక్సిటోసిన్ 10 యూనిట్లు కండకు ఇచ్చాను." పార్టోగ్రాఫ్ అంటే కాన్పు ఎట్లా సాగుతోందో నింపే చార్టు. ఆ 142 ఉదాహరణే, మీ అంకె డెలివరీ రిజిస్టరు దగ్గర కూర్చుని లెక్కపెట్టి తీయండి. "అన్ని కాన్పులకూ" అని రాసేముందు ఒక పది కేస్ షీట్లు తీసి చూడండి. ఒక్కదాంట్లో పార్టోగ్రాఫ్ ఖాళీగా కనిపించినా ఆ మాట తీసేయాల్సిందే.

చాలామంది వదిలేసేది వార్డు నడిపిన పని. హెడ్ నర్సు అంటే ఇండెంట్ (మందులు, సామాను కావాలని పెట్టే చీటీ), స్టాకు, డ్యూటీ చార్టు, విద్యార్థులకు నేర్పడం. అందుకే ఇన్‌ఛార్జిగా చేసిన రోజులు, పట్టుకున్న లోపం, సరిదిద్దిన తీరు రాయండి. ఉదాహరణకు మందుల ట్రేలో మామూలు ఆంపుల్స్‌తో కలిసిపోయిన, పొరపాటున నేరుగా ఎక్కిస్తే ప్రాణం తీసే పొటాషియం క్లోరైడ్‌ని మీరు విడిగా డబ్బాలో పెట్టి, ఎర్ర లేబుల్ అంటించి, షిఫ్టు మారినప్పుడు లెక్కచూసి సంతకం చేసే పద్ధతి పెట్టించారనుకోండి. అరపేజీ పొగడ్త కంటే ఆ రెండు లైన్లకే బరువెక్కువ. కాయకల్ప (ప్రభుత్వ ఆసుపత్రుల శుభ్రతకు మార్కులు వేసే పథకం) తనిఖీకి మీ వార్డు సిద్ధం చేసి ఉంటే మీ వాటా ఎంతో అంతే రాయండి. మార్కులు ఆసుపత్రివి, మీ ఒక్కరివీ కావు.

"సిజేరియన్లు చేశాను" అనకండి, "సహకరించాను" అనండి. రోగి పేరు, ఐపీ (ఇన్‌పేషెంట్) నంబరు రాయొద్దు.

ఏసీఆర్ సంవత్సరం ఏప్రిల్ 1 నుంచి మార్చి 31 దాకా. మార్చిలో కూర్చుంటే ఏమీ గుర్తుకు రాదు. నెలకొక పేజీ పెట్టుకుని డ్యూటీ స్థలం, అంకెలు, ట్రైనింగ్ తేదీలు అప్పటికప్పుడు రాసుకోండి. ట్రైనింగ్ సర్టిఫికెట్ మీ సర్వీసు రిజిస్టరు, అంటే ఎస్సార్‌లో ఎక్కిందో లేదో కళ్లారా చూసుకోండి. పై అధికారి మధ్యలో బదిలీ అయితే వెళ్లేలోపే ఆ కాలానికి ఏసీఆర్ రాయించుకోవాలి. తర్వాత ఆయన వెంట తిరగడం నరకం. డెప్యుటేషన్, ప్రసూతి సెలవు కాలాలు తేదీలతో చూపించండి, లేకపోతే అక్కడ ఖాళీ కనిపించి ఫైలు ప్రశ్నతో వెనక్కొస్తుంది.

ఒక్క మాట దాచకుండా చెప్పాలి. ఎంత బాగా రాసినా సీనియారిటీని దాటలేం. 1975 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం ఉమ్మడి గుంటూరు, ప్రకాశం, నెల్లూరు మూడూ ఒకే జోన్. కాబట్టి జోన్ మొత్తానికీ కలిపి నింపే జోనల్ పోస్టుకి పోటీ మీ ఆసుపత్రి వరకే అనుకోవద్దు. తాత్కాలిక సీనియారిటీ జాబితా వచ్చిన రోజే మీ పేరు, చేరిన తేదీ సరిచూసుకుని, తప్పుంటే గడువులోపే అభ్యంతరం ఇవ్వండి.

ఇచ్చిన ఫారం జిరాక్స్ మీద ఆఫీసు ముద్ర, తేదీ వేయించుకోండి. ఏసీఆర్‌లోని ప్రతి ఎంట్రీనీ ఉద్యోగికి తెలియజేయాలని 2008లో దేవ్‌దత్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. వ్యతిరేకంగా రాశారని తెలిస్తే నోటిమాటతో సరిపెట్టకండి. ఏ రిజిస్టరు, ఏ పేజీ అన్నది చూపిస్తూ రాతపూర్వకంగా జవాబిచ్చి, దానికీ రసీదు తీసుకోండి.