చొక్కా మీద రాతలు, లేసులో లెక్కలు

ప్రశ్న: మాది నరసాపురం దగ్గర పల్లెటూరు. నానమ్మ, అమ్మ, పిన్ని ముగ్గురూ లేసు అల్లుతారు. నాకు ఇంటర్ అయిపోయింది, ఫ్యాషన్ డిజైనింగ్ చదవాలని ఉంది. ఆడవాళ్ల కష్టం గురించి బట్టలతోనే చెప్పాలని కోరిక. నాన్నేమో "మిషను తొక్కడానికి లక్షలు పోసి చదవాలా?" అంటున్నారు. బట్టలతో నిజంగా ఏమైనా చెప్పొచ్చా? అది అన్నం పెడుతుందా?

జవాబు: ముందు నాన్నగారి సంగతి చూద్దాం అమ్మాయ్, ఆయన అడిగిన దాంట్లో తప్పేం లేదు. కేంద్ర ప్రభుత్వ ఫ్యాషన్ కాలేజీ నిఫ్ట్‌లో బీడెస్ అనే డిజైన్ డిగ్రీ నాలుగేళ్లు, ఫీజూ హాస్టలూ కలిపితే లక్షల్లోనే తేలుతుంది. హైదరాబాద్‌లో ఆ కాలేజీ 1995 నుంచి ఉంది. ఎంట్రన్స్‌లో బొమ్మలు గీయడంతో పాటు సిచ్యువేషన్ టెస్ట్ అని ఒకటి పెడతారు, ఇచ్చిన సామానుతో అక్కడికక్కడే ఒక వస్తువు తయారు చేసి చూపించాలి. చిన్నప్పటి నుంచి దారంతో ఆడుకున్న చేతులు కాబట్టి అక్కడ నీకు టెన్షన్ ఉండదనుకుంటా. సీటు రాకపోతే వెంకటగిరిలో చేనేత టెక్నాలజీ డిప్లొమా ఉంది, మూడేళ్లు. దాని గురించి మనవైపు ఎవరూ పెద్దగా చెప్పరు గానీ బట్ట ఎలా పుడుతుందో తెలిసిన డిజైనరుకి ఎక్కడైనా గిరాకీ ఉంటుంది. ఏది చదివినా ముందు ఊళ్లో ఒక మంచి టైలరు దగ్గర కూర్చుని జాకెట్టు కటింగ్ నేర్చుకో. చంక దగ్గర ముడత రాకుండా కుట్టలేని డిజైనరు ఎంత గొప్ప మాట చెప్పినా ఎవరూ వేసుకోరు, వేసుకోకపోతే ఆ మాట బీరువాలోనే ఉండిపోతుంది.

నాన్నకి ఒక పేరు చెప్పు: రాహుల్ మిశ్రా. కాన్పూర్ దగ్గర పల్లెటూరి కుర్రాడు, ఫిజిక్స్ డిగ్రీ చేసి అహ్మదాబాద్‌లో ఎన్‌ఐడీ అనే జాతీయ డిజైన్ కాలేజీలో చేరాడు. 2014లో ఉన్ని బట్టల డిజైన్‌కి ఇచ్చే వూల్‌మార్క్ అంతర్జాతీయ బహుమతి గెలిచాడు, మన దేశం నుంచి అది గెలిచిన మొదటివాడు. 2020లో పారిస్ హాట్ కూచర్ వీక్‌లో, అంటే చేత్తో కుట్టే ఖరీదైన బట్టల ప్రదర్శనలో, తన బట్టలు చూపించాడు. నాకు ఆయనలో నచ్చింది వేరే సంగతి. ఎంబ్రాయిడరీ చేసేవాళ్లు పట్నం మురికివాడల్లో మగ్గకుండా సొంత ఊళ్లోనే ఉండి పని చేసుకునేలా చూడాలని పట్టుబట్టాడు. చొక్కా మీద అక్షరం ముక్క రాయకుండానే సమాజం గురించి మాట్లాడాడు కదా.

బట్ట మాట్లాడుతుందా అని అడిగావు. 1921లో మదురైలో గాంధీగారు చొక్కా విడిచి కొల్లాయి కట్టారు. అంబేడ్కర్‌గారు కోటు, ప్యాంటు, టై వేసుకున్నారు. ఒకాయన తీసేసి చెప్పారు, ఇంకొకాయన వేసుకుని చెప్పారు. ఎవరు వేసుకున్నారు, ఎవరి ఎదుట వేసుకున్నారు అన్న దాన్నిబట్టే అర్థం వస్తుంది. అందుకని ముందు గుడ్డ దగ్గర ఆగిపోకు, దాన్ని వేసుకునే మనిషిని చూడు.

ఇక నీ ఇంట్లోనే ఉన్న సరుకు. ఈ లేసు పని 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పింది. 1970ల చివర్లో మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు నరసాపురం వచ్చి ఈ ఆడవాళ్లతో మాట్లాడి రాసింది ఏంటంటే, రోజంతా అల్లినా వాళ్లని లెక్కల్లో గృహిణులనే అంటారు, పనివాళ్లనరు, విదేశీ వ్యాపారం మాత్రం వాళ్ల చేతుల మీదే నడుస్తుంది. 2024లో నరసాపురం లేసుకి జీఐ గుర్తింపు, అంటే ఇది ఫలానా ఊరి సరుకే అని ప్రభుత్వం వేసే ముద్ర, వచ్చింది, సంతోషం. అయితే అది పేరుని కాపాడుతుంది గానీ దానంతటది కూలి పెంచదు. మీ అమ్మ ఒక కాలరు అల్లడానికి ఎన్ని సాయంత్రాలు పట్టిందో, ఏజెంటు చేతిలో ఎంత పెట్టాడో, నువ్వు ఎంత ఇచ్చావో ఒక చిన్న గుడ్డ ముక్క మీద కుట్టి, దాన్ని కాలరు లోపల బ్రాండు లేబుల్ ఉండే చోట పెట్టు. కొనేవాళ్లు తల మీంచి తొడుక్కునే ప్రతిసారీ చదువుతారు. మొదటి కలెక్షన్‌కి ఇంతకంటే గట్టి సబ్జెక్ట్ పారిస్ వెళ్లినా దొరకదు. ఏజెంటు పేరు మాత్రం కుట్టకు, ఊళ్లో బతకాలిగా!

ప్రశ్న: అమలాపురంలో నాకు చిన్న బట్టల కొట్టు ఉంది. రొయ్యల చెరువుల వల్ల మంచినీళ్లు ఉప్పబారుతున్నాయని టీషర్టుల మీద స్లోగన్ వేసి అమ్ముదామనుకుంటున్నాను. నడుస్తుందా?

జవాబు: క్యాథరిన్ హ్యామ్నెట్ అని లండన్ డిజైనరు ఉంది. 1984లో ప్రధాని థాచర్ ఇచ్చిన విందుకి, 58 శాతం మందికి అమెరికా పెర్షింగ్ అణు క్షిపణులు వద్దు అని రాసున్న పెద్ద టీషర్టు వేసుకెళ్లి కరచాలనం చేసింది. ఆ ఫొటో ఇప్పటికీ తిరుగుతూనే ఉంది. అక్షరాలు ఛాతీ నిండా ఉన్నాయి కాబట్టే ఫొటోలో చదవగలిగాం. మీరు కూడా నాలుగు మాటలకి మించకుండా, రోడ్డుకి అవతలి పక్క నుంచి కనిపించేలా వేయించండి. పాలిస్టర్ మీద మాత్రం వద్దు. నీళ్ల గురించి చెప్తూ ప్లాస్టిక్ గుడ్డ అమ్మితే కొట్టు ముందు నిలబడి కుర్రాళ్లే ఆడుకుంటారు. ఇంకో మాట, కొనేవాడి బావమరిదికే చెరువు లీజు ఉంటుంది మన దగ్గర. అందుకని ముందు ముప్ఫై వేయించి చూడండి, అరువు ఇవ్వకండి.

ప్రశ్న: అమ్మమ్మ ఉప్పాడ జాందానీ చీర కోసి గౌను కుట్టించుకుంటే పాపమా? (రావులపాలెం నుంచి)

జవాబు: అంచు చిరిగి మూలన పడి ఉంటే నిక్షేపంగా కోయండి. కొత్తదైతే మాత్రం నాకు మనసొప్పదు. ఒక్కో చీర మీద ఇద్దరు మగ్గం దగ్గర కూర్చుని బుటా బుటాకీ చేత్తో దారం వేస్తూ నేస్తారు, పని ఎక్కువున్నదైతే నెలకి పైనే పడుతుంది. కోసేటప్పుడు బుటా మధ్యలోంచి కత్తెర పోనివ్వకండి. లోపల పల్చటి కాటన్ లైనింగ్ వేయమనండి, లేకపోతే పాత పట్టు కదా, నాలుగుసార్లు వేసేసరికి చంక కుట్టు దగ్గర పిగిలిపోతుంది.