1818 రామదర్బారు నాణెం నిజంగా నమూనా నాణెమేనా?

నాయనమ్మ ట్రంకుపెట్టెలో ఒకవైపు రామదర్బారు, రెండోవైపు ఈస్ట్ ఇండియా కంపెనీ, 1818 అని ఉన్న నాణెం దొరికిందని శ్రీకాకుళం నుంచి ఒకరు రాశారు. చలామణీలోకి రాని నమూనా నాణెమనీ, లక్షలు పలుకుతుందనీ ఫోన్‌లో ఎవరో చెప్పారట. కాదండి. అది తర్వాతి కాలంలో ఎవరో తయారుచేసిన బిళ్ల. విజయనగరంలో పాత నాణేలు పోగేసే నా దగ్గరికి ఇలాంటివి తరచూ వస్తుంటాయి.

దేవుడి బొమ్మ ఉంది కాబట్టి అది కంపెనీ నాణెం కాదని నేననడం లేదు. 1800ల తొలినాళ్లలో మద్రాసు టంకశాల వేసిన వరహాల మీద గోపురం, విష్ణుమూర్తి ఉన్నాయి. వెండి పావు వరహా మీదైతే తెలుగు అక్షరాలు కూడా! మన జిల్లాలు అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోవే కాబట్టి, అది చేతిలో పడితే నాకు ఒళ్లు పులకరిస్తుంది. కానీ రామదర్బారుతో 1818లో కంపెనీ ఏ నాణెమూ వేయలేదు. కంపెనీ ఏలుబడి అంతటికీ ఒకే తీరు నాణేలు వచ్చిందే 1835లో.

కొత్త నాణెం వేసేముందు బొమ్మ, లోహం, ఆకారం ఎలా ఉంటాయో ప్రభుత్వానికి చూపడానికి టంకశాల కొన్నే కొట్టి చూస్తుంది. అవే నమూనాలు. మన అశోక సింహాల నాణేలు 1950 ఆగస్టు 15న చలామణీలోకి వచ్చాయి. వాటి నమూనాల మీద 1949 అని ఉంటుంది. బ్రిటన్‌లో ఎనిమిదో ఎడ్వర్డ్ 1936 డిసెంబరులో గద్దె దిగిపోవడంతో ఆయన బొమ్మతో సిద్ధమైన నాణేలు ఆగిపోయాయి. అయితే మూడు పెన్నీల విలువైన 12 పలకల ఇత్తడి నాణేలు కొన్నిటిని, నాణెం వేస్తే పనిచేసే మెషిన్లలో సరిపోతాయో లేదో చూడమని ఆ మెషిన్ల తయారీదారులకు అప్పటికే ఇచ్చారు. అన్నీ తిరిగి రాలేదు. నమూనాలు బయటపడేది ఇలాంటి దారుల్లోనే. అందుకే నిజమైనదానికి ఎక్కడ కొట్టారో, ఎందుకు ఆపారో చెప్పే ఆధారం దొరుకుతుంది.

ఆ ఫోన్ మనిషి రిజిస్ట్రేషన్ అనో, పన్ను అనో డబ్బు అడిగితే ఒక్క రూపాయి కూడా పంపకండి. పాత నాణేల పేరుతో కమీషన్లు అడిగేవాళ్లకూ తమకూ సంబంధం లేదని రిజర్వు బ్యాంకే 2021 ఆగస్టులో హెచ్చరించింది. పెద్దవాళ్ల ఆశతో ఆడుకుంటున్నారని నాకు చాలా కోపం.

పెట్టెలో ఇంకా నాణేలుంటే రెండు వైపులా ఫోటోలు తీసి పెట్టండి, బరువు రాయండి. చింతపండుతో మాత్రం తోమకండి.