ప్రాణహిత మీద సుంకం లేదన్నారు, మరి కరోడ్‌గిరి రసీదు ఎక్కడిది?

అడిగిన ప్రశ్న: మా పెద్దలది సిరొంచ దగ్గరి పల్లె. గోదావరి, ప్రాణహితల మీద పోయే సరుకుకు సుంకం వద్దని ఇంగ్లీషువాళ్ళూ నిజామూ ఒప్పందం చేసుకున్నారని చదివాను. కానీ మా ఇంట్లో పాత కరోడ్‌గిరి రసీదు ఒకటి ఉంది. ఉర్దూలో ఉంది, 1339 అనే అంకె మాత్రం చదవగలిగాం. ఇందులో ఏది నిజం?

రెండూ నిజమే. ఒప్పందంలో సుంకం తీసేసింది ఏటి వెంట ఎగువకో దిగువకో పోయే సరుకుకు. ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు దాటే సరుకు సంగతి వేరు. దానికి నిజాం కరోడ్‌గిరి శాఖ, అంటే ఆ రాజ్యపు కస్టమ్స్, విలువ మీద నూటికి ఐదు వసూలు చేసేది. మీ ఇంటి రసీదు ఈ రెండో రకంది అయ్యుంటుంది.

మాదీ సిరొంచే. తాత నాటి నుంచి కిరాణా, బట్టల వ్యాపారం. మాది పేరుకు మహారాష్ట్ర, గడ్చిరోలి జిల్లా. చుట్టాలు సగం మంది చెన్నూరు, మహదేవపురం వైపు ఉన్నారు. పెళ్ళికైనా చావుకైనా ఏరు దాటాల్సిందే. అందుకే మా ఇంట్లో ఈ సుంకం మాట తరాల తరబడి నానింది. తాత చెప్పినవాటికీ ఒప్పందాల్లో ఉన్నదానికీ పొంతన కుదరక నేనూ కొన్నాళ్ళు తల పట్టుకున్నాను కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నా.

మొదట 1802 చూడాలి. ఆ ఏడాది ఏప్రిల్‌లో నిజాం అలీఖాన్‌కూ ఈస్టిండియా కంపెనీకీ వర్తక ఒప్పందం జరిగింది. అప్పుడు హైదరాబాదు రెసిడెంటు, అంటే నిజాం దర్బారులో కంపెనీ ప్రతినిధి, కిర్క్‌పాట్రిక్. ఒకరి రాజ్యపు సరుకు ఇంకొకరి రాజ్యంలోకి వస్తే ఐదు శాతం, అదీ ఒక్కసారే తీసుకోవాలి. దారి పొడవునా తీసుకునే రాహ్‌దారీ రద్దు. మచిలీపట్నం రేవును నిజాం వాడుకోవచ్చు. కాగితం మీద చక్కగానే ఉంది. కానీ జమీందార్లూ జాగీర్దార్లూ తమ హద్దులో బండి కనిపిస్తే ఊరుకునే రకం కాదు. రాహ్‌దారీ నిజంగా తగ్గుముఖం పట్టింది చాలా ఏళ్ళ తర్వాత, మొదటి సాలార్‌జంగ్ దివాన్‌గా ఉన్న రోజుల్లో.

ఆ ఐదు శాతం మాత్రం గట్టిగా పాతుకుపోయింది. పెంచుదామంటే ఇంగ్లీషువాళ్ళు 1802 ఒప్పందం చూపించేవాళ్ళు. వదిలేద్దామంటే నిజాంకు ఆదాయం పోతుంది. మా తాత కొట్టు నడిపిన కాలంలో కూడా అందరి నోట అదే 'నూటికి ఐదు'.

ఇక మీరు చదివింది 1860 డిసెంబరు 26 నాటి ఒప్పందం. నిజాం అఫ్జలుద్దౌలా, రెసిడెంటు డేవిడ్‌సన్. 1857లో నిజాం తమవైపు నిలబడ్డందుకు ఇంగ్లీషువాళ్ళు 50 లక్షల అప్పు మాఫీ చేశారు, రాయచూరు దోఆబ్, ధారాశివ్ తిరిగి ఇచ్చేశారు, సురపురం సంస్థానం కూడా ఇచ్చారు. బదులుగా గోదావరికీ ప్రాణహితకూ ఎడమ ఒడ్డున ఉన్న తాలూకాలు పుచ్చుకున్నారు. అవి రేకపల్లి, భద్రాచలం, చర్ల, ఆల్బాక, నూగూరు, సిరొంచ. ఆ ఒప్పందంలో ప్రాణహితను వైనగంగ అనే రాశారు, చదివేటప్పుడు తికమక పడకండి.

ఇంత ఇచ్చి అడవి తాలూకాలు ఎందుకు తీసుకున్నట్టు? ఒడ్డు కోసం. ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన ఆర్థర్ కాటన్‌కు గోదావరి మీద సముద్రం నుంచి నాగపూర్, వార్ధా ప్రాంతాల దాకా పడవలు నడపాలని పట్టుదల ఉండేది. విదర్భ పత్తి ఏటి మీదుగా కోస్తాకు దిగాలి, అక్కడి నుంచి ఉప్పు పైకి రావాలి. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం వచ్చి మాంచెస్టరుకు పత్తి కరువయ్యేసరికి ఈ పథకానికి ఇంకా గిరాకీ పెరిగింది. దారిలో మూడు చోట్ల ఏరు రాళ్ళ మీద పడి పోతుంది. మొదటి అడ్డు దుమ్ముగూడెం, రెండోది ఇచ్చంపల్లి, మూడోది ప్రాణహిత మీద దేవల్‌మరి. వీటిని ఆనకట్టలతో, పక్క కాలువలతో, లాకులతో దాటించాలని హేగ్ అనే ఇంజనీరు అధికారి కింద ఏళ్ళ తరబడి పని చేశారు.

సుంకం మాఫీ నిబంధన ఈ పథకం కోసం పుట్టిందే. దాని సారం ఇది: గోదావరి, వైనగంగ రెండు రాజ్యాలకూ హద్దుగా ఉన్నంత మేర పడవలు స్వేచ్ఛగా తిరగవచ్చు. ఆ నదుల మీద ఎగువకూ దిగువకూ పోయే సరుకు మీద రెండు ప్రభుత్వాల్లో ఎవరూ, వాళ్ళ ప్రజల్లో ఎవరూ కస్టమ్స్ గానీ వేరే పన్ను గానీ తీసుకోకూడదు. 'ప్రజల్లో ఎవరూ' అనడం ఊరికే కాదని నా అభిప్రాయం. 1802లో రాహ్‌దారీ వద్దన్నా ఆగని ఒడ్డు దొరలను, జమీందార్లను ఈసారి పేరు పెట్టకుండానే కట్టడి చేశారు. పత్తి పడవ ప్రతి రేవులోనూ ఆగి మామూళ్ళు ఇచ్చుకుంటూ పోతే కాటన్ లెక్కలన్నీ తలకిందులయ్యేవి.

మరి ఒడ్డు నుంచి ఒడ్డుకు వెళ్ళే ఉప్పు బస్తా, మిర్చి మూట, చీరల కట్ట? వాటి ఊసు ఆ నిబంధనలో లేదు. వాటికి 1802 నాటి ఐదు శాతమే. అంటే దూరాన ఉన్న మిల్లుకు పత్తి పంపేవాడికి మాఫీ, ఎదురుగా ఉన్న అత్తగారింటికి బెల్లం పంపేవాడికి పన్ను. ఎవరి కోసం రాసుకున్న ఒప్పందమో ఇక్కడే తెలిసిపోతుంది.

పోనీ ఆ మాఫీ అయినా పూర్తిగా వాడుకున్నారా అంటే అదీ లేదు. 1867లో బొంబాయి నుంచి నాగపూర్‌కు రైలు వచ్చేసింది. పత్తి అటు మళ్ళింది. 1871లో గోదావరి పనులు ఆపేశారు. దుమ్ముగూడెం ఆనకట్ట ఇప్పటికీ ఉంది, భద్రాచలం వెళ్ళినప్పుడు చూడండి. సిరొంచ ముఖ్యపట్టణంగా పెట్టిన అప్పర్ గోదావరి జిల్లా కూడా నిలవలేదు. 1874లో భద్రాచలం, రేకపల్లి మద్రాసుకు వెళ్ళాయి, సిరొంచ చాందా (ఇప్పటి చంద్రపూర్) జిల్లాలో తహసీలుగా మిగిలింది. 1909లో నూగూరు, ఆల్బాక, చర్ల కూడా మద్రాసుకే పోయాయి. ఆనాటి డిప్యూటీ కమిషనర్ గ్లాస్‌ఫర్డ్ పేరు మాత్రం గ్లాస్‌ఫర్డ్‌పేట అనే ఊరుగా మా పక్కనే ఉండిపోయింది. స్టీమర్లు రాకపోయినా మాఫీ వల్ల లాభపడింది అహేరి అడవుల టేకు. దుంగలను తెప్పలు కట్టి వరదకు వదిలితే దిగువకు పోయేవి.

ఇప్పుడు మా ఇంటి కథలు. తాత చెప్పిన నాకా, అంటే సుంకం వసూలు చేసే చౌకీ, చెన్నూరు దారిలో ఉండేదట. మూట విప్పించి, విలువ కట్టి, రసీదు రాసేవాళ్ళు. గొడవంతా ఆ విలువ కట్టడం దగ్గరే. ఐదు శాతం అని అందరికీ తెలుసు, కానీ దేని మీద ఐదు? మనం పది రూపాయల బట్ట అంటాం, అక్కడి జవాను పదిహేను అంటాడు. మళ్ళీ ఏ రూపాయి? మా వైపు ఇంగ్లీషువాళ్ళ కల్దారు, అవతల నిజాం హాలీ. వంద కల్దారుకు దాదాపు 116 హాలీ రూపాయలు వచ్చేవి. ఈ మారకం తెలియనివాడు నాకా దగ్గర రెండు విధాలా నష్టపోయేవాడు. తాత అయితే రెండు సంచులు పెట్టుకుని తిరిగేవాడట, మొలకు ఒకటి, భుజానికి ఒకటి.

నాయనమ్మ చెప్పేది ఇంకా బాగుంటుంది. మడత విప్పని చీరకు సుంకం, కట్టుకున్న చీరకు లేదు. శివరాత్రికి కాళేశ్వరం వెళ్ళే ఆడవాళ్ళు ఒకదాని మీద ఒకటి రెండు చీరలు కట్టుకుని పడవెక్కేవారట. ఏరు దాటాక ఆడబిడ్డ ఇంట్లో ఒకటి విప్పి ఇచ్చేయడమే. నాకాలో ఉన్నవాళ్ళకు తెలియక కాదు, ముక్కోటి జనంలో ఎవరిని ఆపుతారు? వేసవిలో ప్రాణహిత చాలాచోట్ల మోకాలి లోతే ఉంటుంది. రేవుకు పోకుండా రాత్రిపూట ఇసుకలో నడిచి దాటేవాళ్ళు ఉండేవాళ్ళనీ, మా వంశంలో అలాంటివాళ్ళు లేరనీ తాత ప్రతిసారీ నొక్కి చెప్పేవాడు. అంత నొక్కి చెప్పడం చూస్తే నాకు అనుమానమే.

అటు నుంచి ఇటు తెచ్చినా సుంకమే. హైదరాబాదు రాజ్యం ఎగుమతుల మీద కూడా తీసుకునేది. పైగా విదేశీ బట్ట మీద బొంబాయి రేవులో ఇంగ్లీషు ప్రభుత్వం ఒకసారి పన్ను తీసుకునేది, అదే బట్ట మా కొట్టు నుంచి ఏరు దాటితే నిజాం ఇంకోసారి. కొనేవాడికి రెండూ కలిసే తగిలేవి. ఇంగ్లీషువాళ్ళు తమ రాజ్యం లోపల దారి సుంకాలను ముందే ఎత్తేశారు, మద్రాసు ప్రెసిడెన్సీలో అయితే 1844లో. అందుకే కాబోలు మా ఇంట్లో నాకా కథలన్నీ అవతలి ఒడ్డువే.

1948 సెప్టెంబరు తర్వాత నిజాం పాలన పోయింది. కొన్నేళ్ళకు కరోడ్‌గిరీ పోయింది. ఏరు దాటితే డబ్బు కట్టే పని మాత్రం వెంటనే పోలేదు. 2017 జూలైలో జీఎస్టీ వచ్చేదాకా మంచిర్యాల నుంచి సరుకు తెస్తే సీఎస్టీ, అంటే రాష్ట్రం దాటే సరుకు మీది కేంద్ర అమ్మకం పన్ను ఉండేది, దానికి చూపాల్సిన సి-ఫారం టెన్షన్ ఉండేది. బాపు ఉన్నప్పుడు ఒక చెక్‌పోస్టులో మా నూనె డబ్బాల లారీని ఫారంలో ఒక అంకె కలవలేదని తెల్లవార్లూ ఆపేశారు. తాత చెప్పిన జవానుకూ ఆ గుమాస్తాకూ యూనిఫారంలో తప్ప నాకు తేడా కనపడలేదు. ఇప్పుడు గోదావరి మీద వంతెన ఉంది, ఈ-వే బిల్లు ఫోన్‌లోనే అయిపోతుంది. ఇక మా గడ్చిరోలిలో 1993 నుంచి మద్యనిషేధం కాబట్టి రాత్రిపూట ఇసుక మీద నడిచే బాపతు వేరే సరుకుకు మారింది. దాని గురించి ఇక్కడ వద్దులెండి.

మీ రసీదు సంగతి. 1339 హిజ్రీ అనుకుంటే 1920-21 అవుతుంది. కానీ హైదరాబాదు సర్కారు లెక్కలు ఫసలీలో, అంటే పంటల లెక్కన నడిచే సంవత్సరంలో, నడిచేవి. ఫసలీకి 590 కలపండి, 1929 వస్తుంది. అక్కడి ఫసలీ ఏడాది అక్టోబరులో మొదలవుతుంది కాబట్టి 1929 అక్టోబరు నుంచి తర్వాతి అక్టోబరు దాకా. ఏది అనేది నెల పేరుతో తేలుతుంది. ఆజర్, దై, బహ్మన్, ఖుర్దాద్, తీర్ లాంటివి ఉంటే ఫసలీ. మొహర్రం, సఫర్, రజబ్ ఉంటే హిజ్రీ. ఉర్దూ చదివేవాళ్ళ చేత ముందు ఆ నెల చదివించండి, తర్వాత సరుకు విలువ, కట్టిన సొమ్ము. కట్టింది విలువలో ఇరవయ్యో వంతు అయితే ఇక సందేహం లేదు, అది దాటుడు సుంకమే. అంతకంటే బాగా తేడా ఉంటే రేవు కిరాయో, అటవీ రుసుమో కావచ్చు, రసీదు మీది ముద్రలో శాఖ పేరు చూడాలి. వెనక వైపు కూడా ఫోటో తీయండి. మా ఇంటి కాగితాల్లో ముందంతా ఉర్దూ, వెనక గుమాస్తా మోడీ లిపిలో (మరాఠీ పాత గొలుసుకట్టు రాత) గీసిన లెక్క ఉన్నవి ఉన్నాయి, అసలు సరుకు పేరు ఒక్కోసారి అక్కడే దొరుకుతుంది. ఊళ్ళో ఎవరూ చదవలేకపోతే హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో ఉర్దూ, ఫార్సీ దస్తావేజులు చదివేవాళ్ళు ఉంటారు. ఒరిజినల్ పట్టుకెళ్ళకండి, మంచి ఫోటో చాలు.