బొమ్మలు వేయడం రానివాళ్ళకు ఆర్ట్ థెరపీ పనికొస్తుందా?

పనికొస్తుంది. బడిలో డ్రాయింగ్ పీరియడ్ అంటేనే భయపడిన నేను వెళ్ళాను, నాకు పనికొచ్చింది. అమ్మగారు పోయి ఏడాదైనా తేరుకోలేకపోతున్నానని, ఫ్రెండ్ ఆర్ట్ థెరపీకి (బొమ్మలు, రంగులు, మట్టి ద్వారా మనసులోది బయటికి తెచ్చే చికిత్సకు) వెళ్ళమంటోందని, ఇంట్లో కలరింగ్ బుక్ కొనుక్కుంటే సరిపోదా అని అడిగారు కదా. కలరింగ్ బుక్ సంగతి తర్వాత చెప్తాను.

మా నాన్నకు పక్షవాతం వచ్చి కొన్నేళ్ళు మంచాన ఉన్నారు. స్నానం, మందులు, రాత్రి పక్క మార్చడం అన్నీ నేనూ మా ఆవిడా చూసుకున్నాం. ఆయన పోయాక కర్మకాండలు, ఫ్యామిలీ పెన్షన్ కాగితాలు, అమ్మ బాగోగులు అన్నీ సవ్యంగా నడిపించాను. కంట చుక్క నీరు రాలేదు. ఆ తర్వాత నిద్ర పోయింది. పొద్దున లేచేసరికి దవడలు బిగుసుకుపోయి నొప్పి పెట్టేవి. పరీక్షలన్నీ నార్మల్. కౌన్సెలింగ్‌కు వెళ్తే "బాగానే ఉన్నానండీ" తప్ప నా నోట మరో మాట వచ్చేది కాదు. విసుక్కోకుండా ఆ కౌన్సెలర్ గారే నన్ను ఆర్ట్ థెరపీలో శిక్షణ ఉన్న ఒక సైకాలజిస్టు దగ్గరికి పంపారు.

ఆవిడ బొమ్మ వేయమనలేదు. పెద్ద డ్రాయింగ్ షీటు, ఆయిల్ పాస్టెల్స్ ఇచ్చి, కళ్ళు మూసుకుని చెయ్యి ఎటు పోతే అటు గీయమన్నారు. తర్వాత షీటును నాలుగు పక్కలా తిప్పి చూస్తూ, ఆ పిచ్చిగీతల్లో ఏదైనా కనిపిస్తే దాన్ని రంగుతో పైకి తేల్చమన్నారు. (అమెరికాలో ఫ్లోరెన్స్ కేన్ అనే ఆర్ట్ టీచర్ తెచ్చిన పద్ధతి ఇది. అక్కడ ఆర్ట్ థెరపీకి పునాది వేసిన మార్గరెట్ నామ్‌బర్గ్‌కు ఆవిడ స్వయానా అక్క.) నాకు హ్యాండిల్ ఉన్న ఒక పెట్టె కనిపించింది. నల్లగా దిద్దాను. "ఎవరిదండీ ఇది?" అన్నారు. "మా అన్నయ్యది" అన్నాను. అంతే, ఇక ఆగలేదు.

అన్నయ్య ఉండేది డల్లాస్‌లో. కార్యాలకు వచ్చాడు, ఆ సూట్‌కేసు పూర్తిగా విప్పకముందే తిరుగు ఫ్లైట్ ఎక్కాడు. చుట్టాలందరూ "అంత దూరం నుంచి పరిగెత్తుకొచ్చాడు పాపం" అని వాడి భుజం తట్టారు. నేను దుఃఖం అనుకుంటున్న దాంట్లో సగం పైన కోపమే అని ఆ రోజు తెలిసింది. ఇంకొన్ని సెషన్ల తర్వాత, మట్టి పిసుకుతుండగా, అంతకంటే కష్టమైన మాట బయటికొచ్చింది: నాన్న పోయినప్పుడు నాకు కాస్త తెరిపిగా అనిపించింది. ఎదురుగా కూర్చోబెట్టి నేరుగా అడిగి ఉంటే ఆ మాట నేను ఏ జన్మకూ ఒప్పుకునేవాణ్ణి కాదు. చేతులకు పని ఉండి, కళ్ళు ఎదుటి మనిషి మీద కాకుండా మట్టి మీద ఉన్నప్పుడు మాట తేలిగ్గా వస్తుంది. నా మటుకు దీనిలో కిటుకంతా అదే. నిద్ర మెల్లగా దారిలో పడింది. అన్నయ్యతో మాత్రం ఈ విషయం ఇంకా ఎత్తలేదు.

గమనించారో లేదో, నల్లరంగు ఎందుకు వాడారని ఆవిడ అడగలేదు. దానికి అర్థమూ చెప్పలేదు. "నలుపు వేశారంటే డిప్రెషన్, తలుపు లేని ఇల్లు వేశారంటే ఒంటరితనం" అని జాతకం చెప్పినట్టు చెప్పేవాళ్ళు మీకు తగిలితే, లేచి వచ్చేయండి.

కళ వచ్చా రాదా అన్న బెంగకు ఒక అధ్యయనం సంగతి చెప్తాను. 2016లో అమెరికాలోని డ్రెక్సెల్ యూనివర్సిటీలో గిరిజా కైమల్ బృందం 39 మంది పెద్దవాళ్ళతో 45 నిమిషాల పాటు బొమ్మలు, మట్టి, కొలాజ్ (కాగితం ముక్కలు అంటించి చేసే బొమ్మ), ఎవరికి నచ్చింది వాళ్ళతో చేయించింది. దాదాపు 75 శాతం మందిలో ఒత్తిడి హార్మోన్ కార్టిసాల్ తగ్గింది. అంతకుముందు కళతో పరిచయం ఉన్నా లేకపోయినా పెద్ద తేడా రాలేదు. చిన్న అధ్యయనమే. పైగా కార్టిసాల్ తగ్గినంత మాత్రాన దుఃఖం తీరినట్టు కాదు.

కలరింగ్ బుక్‌తోనూ ఇదే చిక్కు. ముందే గీసి ఉన్న మండలాల్లో (ముగ్గుల్లాంటి గుండ్రటి డిజైన్లలో) రంగులు నింపితే ఆందోళన తగ్గుతుందని 2005లోనే ఒక పరిశోధన చూపింది. మా ఆవిడ అయితే ధనుర్మాసంలో చుక్కలు పెట్టి ముగ్గు కలుపుతుంటే ఎంత టెన్షన్ అయినా పోతుందంటుంది, నమ్ముతాను. ఆ గంట మనసు నెమ్మదిస్తుంది. కానీ "ఎవరిదండీ ఇది?" అని అడిగే మనిషి అక్కడ ఉండరు. మీకు కావలసింది కాసేపు ఊరటే అయితే పుస్తకం చాలు. ఏడాదైనా తేరుకోలేదంటున్నారు కాబట్టి మనిషి దగ్గరికే వెళ్ళమంటాను.

వెళ్ళే ముందు వాళ్ళ చదువేమిటో అడగండి. వారాంతపు వర్క్‌షాపు ఒకటి చేసి థెరపిస్ట్ అని బోర్డు పెట్టినవాళ్ళూ ఉన్నారు. క్లినికల్ సైకాలజిస్టు అంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉందో లేదో చూడండి. బతకాలని లేదు అన్నంత దాకా వస్తే అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ఇంకొకటి, మీరు వేసినవి ఎవరి దగ్గర ఉంటాయో, ఫోటోలు తీసి ఎవరికైనా చూపిస్తారేమో మొదటి రోజే తేల్చుకోండి. నావి నేను ఇంటికి తెచ్చుకోలేదు, అక్కడి ఫైల్లోనే ఉంచమన్నాను.