ఫెరారీ వెళ్ళిపోయినా ఫార్ములా వన్ నిలబడుతుంది, అది ఒంటరిగా వెళ్ళినంత వరకు

ఫెరారీ లేకపోతే ఫార్ములా వన్ కార్ రేసులే లేవని చాలామంది అంటారు, వెళ్ళిపోతామని ఆ ఇటలీ జట్టు కూడా అప్పుడప్పుడు బెదిరిస్తుంటుంది. అది నిజంగానే తప్పుకుంటే ఫార్ములా వన్ బతికి బట్టకడుతుందా అన్నది ప్రశ్న. బతుకుతుందనే నా సమాధానం. డ్రైవర్ షూమాకర్ ఫెరారీలో వరుసగా టైటిళ్ళు గెలుస్తున్న కాలం నుంచి నేను ఫెరారీ అభిమానిని, ఇప్పటికీ రేసు మొదలవగానే నా కళ్ళు ముందుగా వెతికేది ఎర్ర కార్లనే. కాబట్టి ఆ జట్టు మీద చిన్నచూపుతో ఈ మాట అనడం లేదు.

1950లో ప్రపంచ ఛాంపియన్‌షిప్ మొదలైనప్పుడు తిరుగులేని జట్టు ఆల్ఫా రోమియో. ఇంగ్లండ్‌లోని సిల్వర్‌స్టోన్‌లో జరిగిన మొట్టమొదటి రేసులో ఫెరారీ పాల్గొననే లేదు. 1950లో ఫరీనా, 1951లో ఫాంజియో అనే డ్రైవర్లు ఆల్ఫా కార్లలోనే ఛాంపియన్లయ్యారు. ఆ వెంటనే ఆ సంస్థ తప్పుకోవడంతో ఫెరారీకి గట్టిపోటీ ఇవ్వగల కార్లే కరువై, 1952, 1953 సంవత్సరాల్లో ఛాంపియన్‌షిప్ రేసులైన గ్రాండ్ ప్రీలను ఒక మెట్టు కిందిదైన ఫార్ములా టూ నిబంధనలతో నడపవలసి వచ్చింది. ఆ రెండేళ్ళూ అస్కారి ఫెరారీలో టైటిల్ గెలిచాడు. 1954లో కొత్త నిబంధనలు అమల్లోకి రాగానే మెర్సిడెస్ రంగంలోకి దిగింది. అంటే ఏ జట్టు లేకపోతే ఈ క్రీడే లేదని ఇవాళ అంటున్నామో, ఆ జట్టు తొలి టైటిళ్ళు అప్పటి మేటి జట్టు ఖాళీ చేసిన చోటులోనే వచ్చాయి. తరువాతి కాలంలో బ్రాబమ్, లోటస్, టిరెల్ వంటి పేర్లు ఒక్కొక్కటిగా కనుమరుగైనా పోటీ ఆగలేదు.

నా నమ్మకానికి చరిత్ర కన్నా బలమైన ఆధారం నేను చూసిన రెండు రేసులు. మొదటిది 2005లో అమెరికాలోని ఇండియానాపోలిస్‌లో జరిగింది. తమ టైర్లు అక్కడి వాలు మలుపును తట్టుకోలేవని టైర్ల సంస్థ మిషెలిన్ చెప్పడంతో, రేసుకు ముందు వేసే ఫార్మేషన్ ల్యాప్ ముగిసే సమయానికి ఆ టైర్లున్న 14 కార్లు ఒకదాని వెనుక ఒకటి ట్రాక్ వదిలి, జట్ల గ్యారేజీల వైపు దారి అయిన పిట్ లేన్‌లోకి మళ్ళిపోయాయి. రేసు మొదలయ్యే చోటైన గ్రిడ్ మీద మిగిలినవి 6 కార్లు, అందులో రెండు ఫెరారీవి. షూమాకర్, బారికెల్లో మొదటి రెండు స్థానాల్లో నిలిచారు, ప్రేక్షకులు మాత్రం గేలి చేస్తూ, ట్రాక్ మీదికి సీసాలు విసురుతూ కనిపించారు. నా అభిమాన జట్టు గెలుస్తున్నా, టీవీ ముందు కూర్చున్న నాకు అది రేసులాగే అనిపించలేదు.

రెండవది 2020లో ఇటలీలోని మోంజాలో జరిగింది. ఫెరారీ డ్రైవర్లలో వెటెల్ కారు బ్రేకులు ఆరంభంలోనే విఫలమయ్యాయి, లెక్లేర్ పారాబోలికా మలుపులో అదుపు తప్పి టైర్ల గోడను గట్టిగా ఢీకొన్నాడు. సగం దూరమైనా కాకముందే ఫెరారీ కథ ముగిసింది, అదీ సొంతగడ్డ మీదే. ఆ ప్రమాదం వల్ల ఆగిన రేసు తిరిగి మొదలయ్యాక, హామిల్టన్‌కు పెనాల్టీ పడి వెనుకబడగా, ఆల్ఫాటారి జట్టు కారు నడుపుతున్న గాస్లీ ముందుకు వచ్చాడు. చివరి ల్యాపుల్లో మెక్‌లారెన్‌లో సాయిన్జ్ అంతరాన్ని తగ్గించుకుంటూ వస్తుంటే నేను కుర్చీలో కూర్చోలేకపోయాను. గాస్లీ 0.415 సెకన్ల తేడాతో గెలిచాడు. ఫెరారీ లేని ఆ రెండవ సగం, నేను చూసిన అత్యుత్తమ రేసుల్లో ఒకటి.

నష్టమే ఉండదని నేను అనను. హాస్ జట్టు మొదటి నుంచీ ఫెరారీ ఇంజిన్లతోనే నడుస్తోంది, 2026 సీజన్‌కు కాడిలాక్ కూడా ఆ ఇంజిన్లకే ఒప్పందం చేసుకుంది. ఫెరారీ ఉన్నపళంగా వెళ్ళిపోతే ముందుగా ఇరకాటంలో పడేది ఇటువంటి జట్లే. అభిమానుల చర్చల్లో ఈ విషయం చాలా అరుదుగా వస్తుంది. మోంజా గ్యాలరీలు కూడా కొన్నేళ్ళు వెలవెలబోతాయి, అది నన్ను నిజంగా బాధించే విషయం.

అయితే ఒక జట్టు పోవడం వేరు, పోటీ రెండుగా చీలిపోవడం వేరు. అమెరికాలోని కార్ట్ అనే రేసింగ్ ఛాంపియన్‌షిప్‌కు 1996లో అక్కడి అతి ప్రసిద్ధ రేసు ఇండియానాపోలిస్ 500 దూరమై, దాని చుట్టూ ఐఆర్‌ఎల్ అనే మరో సిరీస్ పుట్టింది. 2002లో కార్ట్‌లోని మేటి జట్టు పెన్స్కీ అటు మారింది, మరుసటి ఏడాదికి హోండా, టొయోటా ఇంజిన్లు కూడా అటే వెళ్ళాయి, 2003 చివరికి కార్ట్ దివాళా తీసింది. పెన్స్కీ రేసింగ్ మానేసి ఉంటే కార్ట్‌కు అంత దెబ్బ తగిలేది కాదని నా అంచనా. అది పక్క సిరీస్‌లో చేరి, దాని వెంట ఇతరులకు దారి చూపింది.

ఫెరారీ బెదిరింపులను కూడా నేను ఈ దృష్టితోనే చూస్తాను. 1986లో జట్టు స్థాపకుడు ఎంజో ఫెరారీ ఏకంగా అమెరికా రేసుల కోసం ఒక ఇండీకార్‌ను తయారు చేయించి చూపించాడు, అది ఏ పోటీలోనూ పరుగెత్తలేదు. ఇంజిన్ నిబంధనల విషయమై 2017లో అప్పటి ఫెరారీ అధినేత మార్కియోన్ చేసిన హెచ్చరిక కూడా నిష్క్రమణ దాకా వెళ్ళలేదు. కొత్త నిబంధనలను అడ్డుకోగల వీటో హక్కును, ఫలితాలతో సంబంధం లేని ప్రత్యేక చెల్లింపును కాపాడుకోవడానికి ఆ జట్టుకు ఇటువంటి ఒత్తిడి పనికివస్తుంది. 2009 జూన్‌లో మాత్రం నాకు నిజంగా భయం వేసింది, ఎందుకంటే జట్ల ఖర్చులకు పరిమితి పెట్టడంపై వచ్చిన వివాదంలో ఫెరారీతో పాటు మెక్‌లారెన్, రెనో, బీఎండబ్ల్యూ, రెడ్ బుల్ సహా 8 జట్లు వేరే ఛాంపియన్‌షిప్ పెడతామని ప్రకటించాయి. కొద్ది రోజుల్లోనే రాజీ కుదిరింది. ఇకమీదట అటువంటి వార్త వచ్చినప్పుడు ఫెరారీ ప్రకటన కన్నా, దాని పక్కన సంతకం పెట్టినవారు ఎవరన్నదే నేను ముందు చదువుతాను.