పదడుగుల గదిలో ఆఫీసూ, స్టూడియో

మీ ఆవిడ ఆఫీసు పనీ, మీ పాటల రికార్డింగూ ఒకే 10 బై 10 గదిలో ఎలా సర్దాలి, పక్క గదికి చప్పుడు వెళ్లకుండా గోడలకు ఫోమ్ అంటిస్తే చాలా అని అడిగారు కదండీ. చాలదు. ఫోమ్ గదిలోని ప్రతిధ్వనిని తగ్గిస్తుందే గానీ గోడ దాటే శబ్దాన్ని ఆపదు. ఆ డబ్బుతో ముందు తలుపు చుట్టూ, కింది సందుకూ రబ్బరు పట్టీలు వేయించండి.

అసలు చిక్కు గది నలుచదరంగా ఉండటం. పొడవూ వెడల్పూ రెండూ పదడుగులే కాబట్టి దాదాపు 56 హెర్ట్జ్ దగ్గర బేస్, అంటే లోతైన మంద్ర శబ్దం, రెండు దిక్కులా ఒకేసారి పోగవుతుంది. గది నడిమధ్య కూర్చుంటే ఆ బేస్ దాదాపు మాయం, మూలకెళ్తే దద్దరిల్లుతుంది. మధ్యలో కూర్చుని మిక్స్ చేశారో (గొంతూ వాద్యాలూ పాళ్లు కుదిర్చి కలిపారో), కారులో వింటే బేస్ బండగా ఉంటుంది! అందుకని కుర్చీని ఎదుటి గోడకు మూడున్నర, నాలుగడుగుల మధ్య వేసి చూడండి. పోగైన బేస్‌ను పీల్చుకోవడానికి మూలల్లో నాలుగంగుళాల మందం రాక్‌వూల్‌ను (రాతి పీచుతో చేసిన దళసరి పలకను) చెక్క ఫ్రేములో బిగించి నిలబెట్టండి. చుట్టూ బట్ట తప్పనిసరి, లేకపోతే నూగు రాలి ఒకటే దురద.

మైకు విషయంలో నా ఓటు దగ్గరి శబ్దాన్నే బాగా పట్టే డైనమిక్ రకానికే. చిన్న చప్పుడూ వదలని కండెన్సర్ రకం అయితే ఫ్యాను గాలి, కుక్కర్ విజిల్ అన్నీ పట్టేస్తుంది. షూర్ ఎస్‌ఎం58 అనే డైనమిక్ మైకుని నోటికి నాలుగు వేళ్ల దూరంలో పెట్టి పాడండి, మీ గొంతే ముందుంటుంది. ఆవిడ కాల్‌లో ఉన్నప్పుడు క్లోజ్డ్ బ్యాక్ (వెనక మూసి ఉండి చప్పుడు బయటికి పెద్దగా రానివ్వని) హెడ్‌ఫోన్లతో ఎడిటింగ్ చేసుకోండి, పాడటం మాత్రం ఆ వేళ వద్దు.